ఊరెళ్లిన సార్జంటు

మా మామ చచ్చిపోయి కూడా నోరు మూసుకోలేదు. దాంతో సెక్షన్ సెక్షనంతా పరీక్ష తప్పాం.

కంగారు పడకండి, ఆయన నిక్షేపంగా ఉన్నాడు. ఇది రాస్తున్నప్పుడు పక్క గదిలో నా బూట్లు అటూ ఇటూ తిప్పి పాలిష్ సరిగా చేశానో లేదో చూస్తున్నాడు. మా పనిలో అప్పుడప్పుడూ ఇలా ఉత్తుత్తిగా చావాల్సి వస్తుంది. ఒక దళాన్ని సరిహద్దుకి పంపే ముందు అది నిజంగా యుద్ధానికి సిద్ధంగా ఉందో లేదో పరీక్ష పెట్టి చూస్తారు. ఖాళీ తూటాలు, అవతల శత్రువు వేషంలో వేరే కంపెనీ వాళ్లు, మధ్యలో తెల్ల టోపీ పెట్టుకున్న అంపైరు. ఆ అంపైరు తనకి బుద్ధి పుట్టినప్పుడు వచ్చి మన చేతికి ఒక ఎర్ర పీలిక కడతాడు. కట్టాడంటే మనం పోయినట్టే. ఉన్నచోటే పడుకోవాలి. నోరు మెదపకూడదు.

మామ అంటే మా ఆవిడ తండ్రి. ఇంట్లో మామ, డ్యూటీలో సార్జంటు. మా సెక్షన్‌కి ఆయన పెద్ద, నేను రెండోవాణ్ణి. ఇంట్లో ఆయన, బయట ఆయన, నాకు ముందు నుయ్యి వెనక గొయ్యి. మిగతా ఎనిమిది మందీ ఆయన్ని బాబాయ్ అంటారు. నన్ను, నాకంటే పెద్దవాళ్లతో సహా, అల్లుడు అంటారు. నా అసలు పేరు జీతాలిచ్చే గుమస్తాకి తప్ప ఎవరికీ గుర్తులేదు.

ఆ ఎనిమిది మందినీ తుపాకి ఏ పక్కన పట్టుకోవాలో తెలియని రోజుల నుంచీ పెంచింది మామే. నీళ్లు తాగారా అని అడుగుతాడు. తాగామంటే సీసా ఊపి చూస్తాడు. ఎవరి బూటు లేసు ఊడిపోయినా తనే వంగి కడతాడు. ఇన్నేళ్లలో వాళ్లకి ఆయన ఎంత అలవాటైపోయాడంటే, ఆయన దగ్గితే కుడికి తిరుగుతారు, గొంతు సవరించుకుంటే పడుకుంటారు. ఆయనకి జలుబు చేసిన రోజు కవాతు చూసి తీరాలి.

ఇంకో సంగతి. సెక్షన్‌లో ఒక్కడు బయట ఉన్నా ఈయన కన్ను మూయడు. డ్యూటీ నుంచి ఆఖరివాడి బూట్లు వరండాలోకి వచ్చేదాకా కుర్చీలో కూర్చునే ఉంటాడు. పెళ్లికి ముందు మా ఆవిడ స్నేహితురాళ్లతో సినిమాకి వెళ్లినా అదే కుర్చీ. “కాపురానికి వచ్చిన దగ్గర్నుంచీ చూస్తున్నా, ఒక్కరోజు కూడా నాకంటే ముందు నిద్రపోయిన పాపాన పోలేదు ఈ మనిషి” అంటుంది మా అత్తయ్య. పైకి విసుక్కున్నట్టే ఉంటుంది కానీ, ఆవిడ మనసులోని దిగులు వేరు. కంపెనీ కొండల మీది పోస్టులకి వెళ్లాల్సి ఉంది. అక్కడ ఎప్పుడూ ఎవరో ఒకరు బయటే ఉంటారు. ఈ లెక్కన ఈయన నెలల తరబడి నిద్రపోడు. నిద్రలేని మనిషి ఆ చలిలో ఎన్నాళ్లుంటాడు?

సరే, పరీక్ష సంగతి చెబుతాను. మాకిచ్చిన పని పాడుబడ్డ పిండిమిల్లును పట్టుకోవడం. గోడ దాకా బాగానే వెళ్లాం. అక్కడ అంపైరు ప్రత్యక్షమై మామ చేతికి పీలిక కట్టి, “సార్జంట్, మీరు పోయారు” అన్నాడు. మామ బుద్ధిగా వెల్లకిలా పడుకుని కళ్లు మూసుకున్నాడు. ఇక సెక్షన్ నాది. నేను నోరు తెరిచేలోగా కింద నుంచి శవం గొణిగింది.

“ఎడమ కిటికీ చూడు, కొండా.”

కొండ అంటే మా మెషిన్ గన్ మనిషి. పేరుకు తగ్గ ఒళ్లు. వెంటనే ఎడమ కిటికీ వైపు తిరిగాడు.

“గొంతూ, వైరు కాళ్లకి అడ్డం పడుతోంది.”

గొంతు అంటే రేడియో మోసేవాడు. వైరు సర్దుకున్నాడు.

“మామయ్యా, మీరు పోయారు!” అన్నాను పళ్లు బిగబట్టి.

“తెలుసులేవోయ్. ముందు నువ్వు తల దించు” అంది శవం.

నేను తల దించాను. అదీ మా పరిస్థితి.

అంపైరు ఈల ఊది, మామని లేపి తీసుకెళ్లి దూరంగా జీపులో కూర్చోబెట్టాడు. ఇప్పుడు కానివ్వండి అన్నాడు. నేను ముందుకు కదలమన్నాను. ఎవ్వరూ కదల్లేదు. అందరూ జీపు వైపే చూస్తున్నారు. నిజం చెప్పొద్దూ, నేనూ అటే చూశాను.

“ఈ సెక్షన్‌లో ఉన్నది ఒక్కడే సైనికుడు. మిగతావాళ్లు ఆయన కాళ్లూ చేతులూ” అన్నాడు అంపైరు. అతనిది సన్న గొంతు, ఆ గొంతుతో ఎవరేమన్నా నాకు ఒళ్లు మండుతుంది. అప్పుడు మరీ మండింది, ఎందుకంటే ఆ మాట నిజం.

మా మేజర్ గారు తిట్టలేదు. ఆవిడ తిట్టకపోతేనే భయం. మామనీ నన్నూ పిలిచి, “కొండల మీద నిజంగా మీకేమైనా అయితే వీళ్లేం చేస్తారు సార్జంట్? మీ కోసం జీపు వైపు చూస్తారా?” అని అడిగారు. బయల్దేరే ముందు ఇంకొక్క అవకాశం ఇస్తానన్నారు. అది కూడా తప్పితే సెక్షన్ విడగొట్టి ఒక్కొక్కరినీ తలో సెక్షన్‌లో సర్దేస్తానన్నారు. మామ సెల్యూట్ చేసి బయటికొచ్చాడు. వరండాలో ఎవరి బూటు లేసో ఊడి ఉంది. ఆయన వంగలేదు.

ఇంట్లో సంగతంతా చెబితే అత్తయ్య నవ్వి నవ్వి గోడ పట్టుకుని కూర్చుంది. మా ఆవిడ నవ్వుతూనే, “సెక్షన్ విడగొడితే నాన్న తట్టుకోలేడు” అంది. దాంతో అత్తయ్య నవ్వు ఆగింది. లోపలికెళ్లి పాత ఎర్ర జాకెట్టు ఒకటి తెచ్చి, చించి పీలిక చేసి, మామ చేతికి గట్టిగా కట్టింది.

“ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ఇది చేతికున్నంతసేపూ మీరు...” అని ఆగిపోయింది. ఎంత ఆటకైనా మొగుణ్ణి పట్టుకుని పోయారనడానికి ఆవిడకి నోరు రాలేదు. “మీరు ఊరెళ్లారు. ఇంట్లో లేరు. ఏం జరిగినా మీకు తెలీదు.”

“ఏ ఊరు?” అన్నాడు మామ.

“ఊరెళ్లినవాళ్లు మాట్లాడరు” అంది అత్తయ్య.

ఆ సాయంత్రమే బీరువా వ్యవహారం వచ్చిపడింది. ముందుగదిలో గోడ చెమ్మెక్కుతోందని బీరువాని వెనక గదిలోకి మార్చాలి. మామూలుగా అయితే మామ అంగుళాలతో సహా ఉపదేశం చేసి, చివరికి తనే మోసేవాడు. ఇప్పుడు పీలికతో కుర్చీలో కూర్చున్నాడు. నేనూ మా ఆవిడా బీరువా ఎత్తి గుమ్మం దాకా తెచ్చి ఇరికించాం. అది ముందుకీ రాదు, వెనక్కీ పోదు. నేను అవతల, ఆవిడ ఇవతల. “కాస్త వంచు” అంటే, “నువ్వే వంచు” అంటుంది. మామ టీ కప్పు రెండు చేతులా పట్టుకుని ఊపిరి బిగబట్టాడు. చూపుడువేలు నెమ్మదిగా లేచింది.

“వేలు కూడా ఊరెళ్లింది” అంది అత్తయ్య వంటింట్లోంచి, ఇటు చూడకుండానే.

వేలు దిగింది. మేం చాలాసేపు పోట్లాడుకుని, సొరుగులన్నీ పీకేసి, బీరువాని పక్కకి పడుకోబెట్టి ఎట్టకేలకు లోపలికి తోశాం. గోడకి మూరెడు గీత పడింది. పీలిక విప్పగానే మామ వెళ్లి ఆ గీతని వేలితో తడిమాడు.

“నేనైతే ముందు గుమ్మం తలుపు ఊడదీసేవాణ్ణి.”

“మీరు ఊళ్లో లేరుగా నాన్నా” అంది మా ఆవిడ. “బీరువా లోపలికి వచ్చిందా లేదా?”

మామ బీరువా చూశాడు, గీత చూశాడు. “వచ్చింది” అన్నాడు. ఆ ఒక్క మాట అనడానికి ఆయనకి ఎంత కష్టమైందో నాకు తెలుసు.

మర్నాడు ఆ పీలికని జేబులో పెట్టుకుని మైదానానికి వచ్చాడు. అక్కణ్ణుంచి మా శిక్షణ తలకిందులైంది. అంతకుముందు మామ ఏం చేయాలో, ఎలా చేయాలో, ఏ కాలు ముందు వేయాలో చెప్పేవాడు. ఎందుకో మాత్రం చెప్పేవాడు కాదు. ఇప్పుడు పొద్దున్నే అందర్నీ నేల మీద కూర్చోబెట్టి, మట్టిలో పుల్లతో గుట్ట గీసి, వాగు గీసి, “ఇది సాయంత్రానికల్లా మన చేతికి రావాలి. ఎందుకంటే దీని మీంచి చూస్తే ఆ దారి కనపడుతుంది, ఆ దారిన మనవాళ్లు రావాలి” అని చెప్పి పుల్ల పడేసేవాడు. ఎలా అన్నది మా ఏడుపు.

ఇక పీలిక ఎవరికి కడతాడో చెప్పలేం. ఒకరోజు తనకే కట్టుకుంటాడు, ఒకరోజు నాకు. కొండకి కట్టిన రోజు మెషిన్ గన్ దిక్కులేక పడి ఉంది. ఎత్తబోయిన గొంతుగాడు దాంతోపాటే పడ్డాడు. అప్పట్నుంచి అందరూ అందరి పనీ నేర్చుకోవాలన్నాడు మామ. కొండ రేడియో పట్టుకుని మాట్లాడటం మొదలుపెడితే అవతలివాళ్లు అరవకండి అని బతిమాలుకున్నారు.

మొదట్లో మేం చేసిన ఘనకార్యాలు చెబితే పరువు పోతుంది. మామ పడుకోగానే తలో దిక్కూ పోయేవాళ్లం. లేదా అందరం ఒక పొద వెనక చేరి వాదించుకునేవాళ్లం. ఒకసారి గొంతుగాడు నాయకత్వం వహించి మమ్మల్నందర్నీ మొలలోతు బురదలోకి దింపాడు. మామ గట్టు మీద పడుకుని, నోట్లో చేతిరుమాలు కుక్కుకుని చూశాడు. బురద ఓడుతూ బయటికి వచ్చినవాణ్ణి చీల్చి చెండాడతాడనుకున్నాం. ఆయన రుమాలు తీసి, “నువ్వేం చూసి అటు వెళ్లావు?” అని అడిగాడంతే. గొంతు చెప్పాడు. “ఇంకోసారి వస్తే ఏం చూస్తావు?” అన్నాడు. గొంతు అదీ చెప్పాడు. “మంచిది. వెళ్లి కాళ్లు కడుక్కో.”

గొంతు నా దగ్గరికొచ్చి, “అల్లుడూ, బాబాయ్‌కి ఒంట్లో బాగుందా?” అని గుసగుసగా అడిగాడు. తిట్లకి అలవాటు పడ్డ ప్రాణం మరి.

‘ఊరెళ్లడం’ అనే మాట నా వల్ల సెక్షన్‌లోకి పాకింది. ఇంటి విషయాలు బయట చెప్పొద్దని మా ఆవిడ ఎన్నిసార్లు చెప్పినా నా నోట్లో నువ్వుగింజ నానదు. ఇక చూస్కోండి, ఎవరికి పీలిక కట్టినా, “ఫలానావాడు ఊరెళ్లాడు” అని ఒకడు అరవాలి, తర్వాతివాడు “సెక్షన్ నాది” అని అందుకోవాలి. మామ నవ్వు ఆపుకుని, సరే అలాగే కానివ్వండన్నాడు.

రెండో పరీక్ష రోజు తెల్లవారకముందే నడక మొదలుపెట్టాం. గుట్ట మీద ఒక రాతి గుడిసె, అందులో శత్రువు. కింద వంతెన. మన బళ్లు మధ్యాహ్నానికి ఆ వంతెన దాటాలి. గుడిసె వాళ్ల చేతిలో ఉంటే బళ్లు దాటలేవు. మామ ఇదంతా మట్టిలో గీసి చెప్పాడు. ఎడమ పక్క వాగులోంచి వెళ్దామన్నది ఆయన ఆలోచన. పైకి ఏమీ కనపడనివ్వలేదు గానీ నీళ్ల సీసా మూత మూడుసార్లు తీసి మూడుసార్లు పెట్టాడు. ఇవాళ తప్పితే రేపటికి ఈ పదిమందీ పది చోట్ల ఉంటారు.

గుట్ట మొదట్లోనే, ఎండ ఇంకా ముదరకముందే అంపైరు పొద చాటు నుంచి వచ్చాడు. మామ తనే జేబులోంచి అత్తయ్య చించిన పీలిక తీసిచ్చి చెయ్యి చాపాడు. పీలిక కట్టించుకుని పొద నీడలో పడుకుని, టోపీ మొహం మీదికి లాక్కున్నాడు.

“బాబాయ్ ఊరెళ్లాడు!” అని అరిచాడు కొండ.

“సెక్షన్ నాది!” అన్నాను.

అంపైరు మా ఇద్దర్నీ వింతగా చూశాడు.

వాగు దగ్గరికి వెళ్లేసరికి ఒడ్డున కొమ్మలు కొత్తగా విరిచి పేర్చి ఉన్నాయి. అంటే దాని వెనక తుపాకి ఉంది. వాగులోకి దిగితే అందరం ఊరెళ్లడమే. ఇక మిగిలింది కుడివైపు వాలు. అక్కడ మోకాలెత్తు రాతిగోడలు తప్ప చాటు లేదు. బోసి నేల మీద నడవొద్దని మామ నాకు చెప్పినన్నిసార్లు నా పేరు కూడా ఎవరూ చెప్పి ఉండరు. ఆపుకోలేక ఒక్కసారి వెనక్కి చూశాను. టోపీ కదల్లేదు. దగ్గు లేదు, గొంతు సవరింపు లేదు. ఇంతకాలం ఆ గొణుగుడు ఎప్పుడు ఆగుతుందా అని ఎదురుచూసినవాణ్ణి, అది ఆగిపోతే ఇంత దిక్కుతోచదని అనుకోలేదు.

“కుడికి” అన్నాను. ఎవరూ జీపు కోసం వెతకలేదు. కదిలారు.

సగం వాలు ఎక్కామో లేదో, ఆ అంపైరు ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాడో గానీ నా చేతికి కూడా పీలిక కట్టేశాడు. అప్పుడతన్ని ఏం చేయాలనిపించిందో రాస్తే కోర్టుమార్షల్ అవుతుంది. పడుకున్నాను.

“అల్లుడు ఊరెళ్లాడు!” అని గొంతు అరిచాడు.

తర్వాత వంతు కొండది. కొండ నోట్లోంచి మాట రాలేదు. కొండ మంచివాడు, ఏనుగంత బలం. కానీ పుట్టి బుద్ధెరిగి ఎవరికీ ఒక పని చెప్పి ఎరగడు. రాతిగోడ వెనక కూర్చుని నా వైపు చూశాడు. గోడ చివర ఒక సందు ఉంది. పడుకున్న నాకు స్పష్టంగా కనపడుతోంది. కొండా, ఆ సందు చూడరా బాబూ అనే మాట నా నాలుక చివరికి వచ్చి నిలబడింది. ఒక్క ముక్క. అంపైరు నా తల దగ్గరే ఉన్నాడు. చొక్కా చెయ్యి నోట్లో కుక్కుకుని కొరికాను. మిల్లు దగ్గర మామ ఎందుకు గొణిగాడో నాకు అక్కడ, ఆ రాళ్ల మీద పడుకుని అర్థమైంది. అది పెత్తనం కాదు. వీళ్లకేమైనా అవుతుందేమోనన్న భయం. ఇన్నాళ్లూ ఆయన్ని ఆడిపోసుకున్నందుకు నామీద నాకే కోపం వచ్చింది.

కొండ నా మీంచి చూపు తిప్పుకున్నాడు. “సెక్షన్ నాది” అన్నాడు, ఎవరో తిడతారేమో అన్నట్టు మెల్లిగా. తర్వాత, “గొంతూ, వంతెన కనపడుతోందా?”

“బళ్లు వచ్చేశాయన్నా. అవతల ఆగి ఉన్నాయి.”

“అయితే మనం ఆగటానికి లేదు” అన్నాడు కొండ.

తన ప్రాణం లాంటి మెషిన్ గన్‌ని గొంతు చేతికిచ్చి, గోడ మీంచి ఆపకుండా కాల్చమన్నాడు. మిగతావాళ్లని తీసుకుని, నేను చూసిన సందులోంచి కాదు, నాకు అసలు కనపడని ఒక పాత నీటికాలవ వెంట, ఆ భారీ ఒంటితో పాక్కుంటూ పోయాడు. కాసేపటికి గుడిసె వెనక నుంచి కేకలు వినిపించాయి. ఆ తర్వాత గుడిసె కిటికీలోంచి మా సెక్షన్ జెండా బయటికి వచ్చింది. కింద వంతెన మీద బళ్లు హారన్లు కొట్టుకుంటూ దాటాయి. ఊరెళ్లినవాళ్లు మాట్లాడరు గానీ ఏడవకూడదన్న నియమం ఏమీ లేదు. నేను ఏడ్చాను.

అంపైరు ఈల ఊదాడు. అందరం పరుగులాంటి నడకతో గుట్ట దిగాం. బాబాయ్‌కి ముందు నేను చెప్తానంటే నేను చెప్తానని తోసుకుంటూ పొద దగ్గరికి వచ్చి, టక్కున ఆగిపోయాం.

మామ గురక పెడుతున్నాడు.

టోపీ పక్కకి జారింది. చెంప కింద అరచెయ్యి, నోరు కాస్త తెరిచి, చిన్నపిల్లాడిలా. సెక్షన్ మొత్తం గుట్ట మీద ఉండగా, తుపాకులు మోగుతుండగా, ఈ మనిషి హాయిగా నిద్రపోయాడు. గొంతు లేపబోతే కొండ చెయ్యి పట్టుకుని ఆపాడు. చుట్టూ కూర్చున్నాం. అంపైరు కూడా టోపీ తీసి మా పక్కనే చతికిలబడ్డాడు.

“శవాలు గురక పెట్టొచ్చా సార్?” అని అడిగాను.

“వద్దని ఎక్కడా లేదు” అన్నాడు ఆ సన్న గొంతుతో. ఆ రోజు ఆ గొంతు అంత చెడ్డగా అనిపించలేదు.

ఇంటికి వెళ్లేసరికి అత్తయ్య గుమ్మంలోనే ఉంది. గెలిచాం, సెక్షన్ కలిసే పైకి వెళ్తుందని చెప్పాను. “నాకు తెలుసు” అంది. కొండ నాయకత్వం గురించి చెప్పాను, నవ్వింది. చివర్లో మామ సంగతి చెప్పాను.

ఆవిడ నవ్వలేదు. “నిద్రపోయారా? మీరంతా బయట ఉండగానే?”

“ఎవరు నిద్రపోయింది? ఊరికే కళ్లు మూసుకున్నానంతే” అన్నాడు మామ, వెనకే లోపలికొస్తూ. చెంప మీద గడ్డి అచ్చులు ఇంకా అలాగే ఉన్నాయి.

అత్తయ్య ఆ చెంప వైపు చాలాసేపు చూసింది. తర్వాత ఆయన చేతికున్న పీలిక ముడి విప్పుతూ, కళ్లు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేక భుజంతో తుడుచుకుంది.

“అయితే అక్కడ కూడా కాస్త నిద్రపోతారన్నమాట” అంది.

పీలికని ఉతికి, మడతపెట్టి, కొండల మీదికి వెళ్లే మామ పెట్టెలో అన్నిటికంటే పైన పెట్టింది.